పెర్ఫార్మెన్స్ క్యాప్చర్ సీన్‌ని ఎడిట్ చేయడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో పెళ్లి వీడియోలు కట్ చేసేవాళ్లకి మూడు కెమెరాల ఫుటేజీ సింక్ చేయడం కొత్తేం కాదు. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ఒక కెమెరాకి ఎవరో అడ్డొస్తే, రెండోదాంట్లోంచి తీసి సర్దేస్తారు. ఆ మాత్రం చెయ్యి తిరిగితే చాలు, 'అవతార్' లాంటి సినిమాల ఎడిటింగ్ రూములో జరిగే పనిని ఇంట్లోనే చిన్నగా చేసి చూడొచ్చు.

ఒక తేడా ముందే తెలుసుకోవాలి. మామూలు షూటింగులో నటన, షాటు కలిసే వస్తాయి. పెర్ఫార్మెన్స్ క్యాప్చర్‌లో నటుల సూట్ల మీది గుర్తుల కదలికను చుట్టూ ఉన్న కెమెరాలు పట్టుకుంటాయి, తలకి బిగించిన చిన్న కెమెరా ముఖాన్ని పడుతుంది. అంటే ముందు దొరికేది నటన ఒక్కటే. దాన్ని ఏ కోణంలో చూపించాలో తర్వాత తేలుస్తారు. అందుకే ఎడిటర్ ఒకే సీన్‌ని రెండుసార్లు కట్ చేస్తాడు.

నటన పట్టడం

క్యాప్చర్ జరిగేటప్పుడు పక్కనే మామూలు వీడియో కెమెరాలు కూడా తిరుగుతుంటాయి. వాటిని రిఫరెన్స్ కెమెరాలంటారు. మీకు నాలుగు ఫోన్లు చాలు: ఇద్దరి ముఖాలకి రెండు, పక్క నుంచి ఒకటి, మొత్తం కనబడేలా ఇంకొకటి. మీ ఊరి నాటకాల జట్టులోంచి ఇద్దర్ని పిలిచి, అల్లుడు మామగారిని అప్పు అడిగే రెండు నిమిషాల సీన్ చేయించండి. ప్రతి టేక్ మొదట్లో గట్టిగా చప్పట్లు కొట్టండి, సింక్‌కి అదే ఆధారం.

ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి వచ్చే ఫ్రేముల లెక్క, నిలకడగా ఉండదు. మొదట్లో కలిసిన పెదాలు, మాట చివరికొచ్చేసరికి తప్పుతాయి. ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ సెకనుకి కాన్‌స్టంట్ 30 ఫ్రేములకి మార్చేయండి. ఫైళ్లకి సీన్ నంబరు, టేక్ నంబరు, ఫోన్ నంబరు మాత్రమే పెట్టండి. మన వైపు ఒకడు తెలుగులో, ఇంకొకడు ఒడియాలో పేర్లు పెడితే వారం తర్వాత ఏది ఎక్కడుందో ఎవరికీ దొరకదు. 'అవతార్' రెండో భాగానికి క్యాప్చర్ 2017లో మొదలైతే సినిమా 2022 డిసెంబరులో వచ్చింది. అన్నేళ్ల తర్వాత కూడా ఏ టేక్ కావాలో చిటికెలో తీయగలగాలి.

మొదటి కట్: నటన మాత్రమే

అసలు పనంతా ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. ఫ్రేమింగ్ బాగుందా, లైటు పడిందా అని చూడకండి. ఆ షాట్లేవీ సినిమాలో ఉండవు. ముఖం చూడండి, గొంతు వినండి.

మూడో టేక్‌లో మామగారు అదరగొట్టారు, అల్లుడు తేలిపోయాడు అనుకోండి. ఐదో టేక్‌లో అల్లుడు బాగా చేశాడు. మామూలు సినిమాలో ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటే చాలావరకు ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఇక్కడ మామగారిని మూడులోంచి, అల్లుణ్ణి ఐదులోంచి తెచ్చి ఒకే సీన్‌లో నిలబెట్టొచ్చు. 2009 నాటి 'అవతార్'కి జేమ్స్ కామెరాన్‌తో కలిసి ఎడిటింగ్ చేసిన స్టీఫెన్ రివ్‌కిన్, జాన్ రెఫూవా చేసింది ఈ రకం పనే. అయితే రెండు చిక్కులున్నాయి.

మూడో టేక్‌లో మామగారు జవాబిచ్చే ముందు అర సెకను ఎక్కువ ఆగారనుకోండి. ఆ 15 ఫ్రేములూ అల్లుడు ఏం చేస్తుంటాడు? అతని టేకుల్లోనే ఎక్కడో ఊరికే చూస్తున్న ముక్క వెతికి అతకాలి. రెండోది ఇంకా మొండిది: ఒకరినొకరు తాకే చోట ఇద్దరూ ఒకే టేక్‌లోంచి రావాలి. అల్లుడు కాళ్లు పట్టుకునే క్షణంలో టేకులు కలిపితే చేతులు గాల్లో ఉంటాయి.

కెమెరా, రెండో కట్

స్టూడియోలో డైరెక్టరు వర్చువల్ కెమెరా (కంప్యూటర్‌లోని సీన్‌ని చూపించే తెర) చేత పట్టుకుని, ఎంచిన నటన చుట్టూ తిరుగుతూ కావలసిన షాట్లు తీసుకుంటాడు. అదే నటనని క్లోజప్‌గానూ తీయొచ్చు, క్రేన్ షాట్‌గానూ తీయొచ్చు. మీకు బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే. మిక్సమో వెబ్‌సైట్‌లో దొరికే 3డి బొమ్మల్ని రెడీమేడ్ కదలికలతో తెచ్చుకోండి. మీ నటుల కదలికలు అచ్చంగా రావు గానీ, టైమింగ్ మాత్రం మొదటి కట్‌కి సరిపోయేలా జరపండి. మూడు కెమెరాలు పెట్టి, టైమ్‌లైన్‌లో మార్కర్ వేసి, కెమెరా సెలెక్ట్ చేసి కంట్రోల్-బి నొక్కితే అక్కణ్ణుంచి ఆ కెమెరాకి మారుతుంది.

ఇప్పుడు మళ్లీ కట్ చేయండి. కెమెరా ఎటైనా ఎగరగలదు కదా అని ఎగరేయాలనిపిస్తుంది. నన్నడిగితే మామగారు మౌనంగా ఉన్నంతసేపూ కెమెరాని కదపొద్దు. ఈ దశలో బొమ్మల ముఖాల్లో ప్రాణం ఉండదు కాబట్టి స్క్రీన్ మూల చిన్న కిటికీలో నటుడి అసలు ముఖం పెట్టుకోండి. ఎక్కడ కట్ చేయాలో ఆ ముఖాన్ని చూసి తేల్చుకోండి.

గ్రాఫిక్స్‌కి పంపడం

లాకైన, అంటే ఇక మార్చబోమని తేల్చుకున్న, షాట్లని వాడుకున్నదానికంటే అటూ ఇటూ కొన్ని ఫ్రేములు ఎక్కువిచ్చి పంపుతారు. తర్వాత ఒక్కో షాటు వెర్షన్ల మీద వెర్షన్లుగా వెనక్కొస్తుంది. కొత్తది రాగానే పాతదాని పై ట్రాక్‌లో పెట్టి, రెండూ మార్చి మార్చి చూడండి. "బాగోలేదు" అని రాస్తే యానిమేటర్‌కి ఏం చేయాలో తెలీదు. "112వ ఫ్రేము దగ్గర మామగారు కళ్లు దించాలి, ఇందులో దించలేదు" అని రాయండి.