ఎర్ల్ లాయిడ్ గురించి పిల్లలకు బాస్కెట్‌బాల్ కోర్టులోనే చెప్పాలంటే

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మ్యాచ్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఎర్ల్ లాయిడ్. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో సాయంత్రంపూట బాస్కెట్‌బాల్ ఆడే మన పిల్లలకు అతని గురించి చెప్పడానికి పావుగంట చాలు. కొలిచే టేపు, సుద్దముక్క, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, బంతి దగ్గర పెట్టుకోండి. పేర్లు, ఏళ్లు నేలమీద ఇంగ్లిషులో రాయండి. ఇక్కడి బళ్లలో చదివే చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు.

ముందు బోర్డు పోల్ మీద 196 సెంటీమీటర్ల ఎత్తున గీత గీయండి. అది లాయిడ్ ఎత్తు. అందరూ దానికింద నిలబడి చూసుకోవడం అయ్యాకే మాట మొదలుపెట్టండి, అంతవరకూ ఎవరూ వినరు.

పెద్దవాళ్లు కూడా తప్పులో కాలేసేది ‘మొదటివాడు’ అన్నచోట. 1950లో ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడు చక్ కూపర్, బోస్టన్ జట్టు తీసుకుంది. నాట్ క్లిఫ్టన్ నల్లజాతి ఆటగాళ్ల ప్రదర్శన జట్టు గ్లోబ్‌ట్రాటర్స్ నుంచి న్యూయార్క్ జట్టుకి వచ్చాడు. ఒప్పందం మీద మొదటి సంతకం అతనిదే అని మాత్రం అనకండి. అంతకుముందే వాషింగ్టన్‌తో సంతకం చేసిన హెరాల్డ్ హంటర్ జట్టులో మిగల్లేదు. మ్యాచ్‌లో మొదట దిగింది లాయిడ్: అక్టోబర్ 31న రోచెస్టర్‌లో, వాషింగ్టన్ తరఫున. కూపర్ మ్యాచ్ మర్నాడే! షెడ్యూలు అలా కుదిరింది, అంతే. గొప్ప తగ్గిపోతుందని ఈ ముక్క దాచేవాళ్లున్నారు. పిల్లలు చెవులు రిక్కించేది దీనికే.

ఇక ఆడించండి. గడియారం లేకుండా ఒక జట్టును బంతి పట్టుకుని ఊరికే పాస్‌లు ఇచ్చుకోమనండి. రెండు నిమిషాల్లో అవతలివాళ్లు గొడవకు దిగుతారు. అప్పటి మ్యాచ్‌ల జబ్బు అదే. తర్వాత 24 సెకన్ల గడువు పెట్టండి: బంతి చేతికొచ్చిన జట్టు ఆలోగా షాట్ వెయ్యాలి. లెక్క కూడా చెప్పండి: 48 నిమిషాలంటే 2880 సెకన్లు, మ్యాచ్‌కి రెండు జట్లకూ కలిపి సుమారు 120 షాట్లు, భాగిస్తే 24. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు 35 ఇవ్వండి, లేకపోతే కంగారులో బంతి పారేసుకుంటారు. ఈ నిబంధన కోసం పట్టుబట్టింది సిరక్యూజ్ యజమాని డానీ బయాసోన్. అది అమలైన తొలి సీజన్లోనే, 1955లో, సిరక్యూజ్ టైటిల్ గెలిచింది. లాయిడ్, జిమ్ టకర్ ఆ జట్టులోనే ఉన్నారు. ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన తొలి నల్లజాతి ఆటగాళ్లు వాళ్లిద్దరే.

‘అంతకుముందు నల్లజాతివాళ్లను ఎందుకు ఆడనివ్వలేదు?’ అని అడుగుతారు. రాతపూర్వక నిషేధం లేదనీ, యజమానులే తీసుకోలేదనీ చెప్పండి. వర్జీనియాలో లాయిడ్ చదివిన బడి కూడా నల్లజాతి పిల్లలకు వేరుగా కట్టిందే.

‘లాయిడ్ మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు చేసేవాడు?’ అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. సగటున 8.4 అని సూటిగా చెప్పేయండి. అతని పని అవతలి జట్టు మేటి స్కోరర్‌ను కట్టడి చెయ్యడం. మీ గుంపులో గట్టిగా మార్కింగ్ చేసే పిల్లని ముందుకు పిలిచి, బాగా బుట్టలేసే వాడిమీద పెట్టి చూపించండి.