ఉడుముని మచ్చిక చేసుకోవాలంటే ముందు మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలి

చాలామంది ఉడుము ఇంటికొచ్చిన రోజే చేత్తో పట్టుకుని ఫొటో దిగుదాం అనుకుంటారు, అది గొంతు ఉబ్బించి బుస కొడుతుంది, తోకతో ఒకటి తగిలిస్తుంది, ఇక దీనికి పొగరెక్కువ అని తేల్చేస్తారు. పొగరు కాదండీ బాబూ, భయం.

కొనేముందు మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. అడవిలో పట్టి తెచ్చింది మాత్రం వద్దే వద్దు, బెంగాల్ ఉడుమైతే సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) మొదటి జాబితాలోనే, అంటే అన్నిటికన్నా గట్టి ఆంక్షలున్న జాబితాలోనే ఉంది. కొత్తవాళ్ళకి ఆకీ అనే చిన్న ఆస్ట్రేలియా రకం నయం, 2 అడుగుల దగ్గర ఆగిపోతుంది. సవానా అనే ఆఫ్రికా రకం 3-4 అడుగులు పెరుగుతుంది, నీటి ఉడుమైతే ఇంకా చాలా పెద్దది, దానికో గది ఇవ్వాల్సిందే.

ఇక అసలు సంగతి వేడి. సవానాకి కనీసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఎన్‌క్లోజర్ (అది ఉండే పెట్టె) కావాలి, ఒక మూల లైట్ కింద రాయి 50-60 డిగ్రీల సెల్సియస్ దాకా కాలాలి, రెండో వైపు 25-28 ఉండాలి, యూవీబీ లైట్ (ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చేది) కూడా పెట్టాలి, కింద తవ్వుకోడానికి ఒకటిన్నర రెండు అడుగుల తడిమట్టి. ఒళ్ళు వేడెక్కకపోతే తిన్నది అరగదు, దాక్కోడానికి బొరియ లేకపోతే ఎప్పుడూ ఉలికిపాటే, అలాంటి దాన్ని మచ్చిక చెయ్యడం ఎవరి వల్లా కాదు.

మొదటి రెండు వారాలు ముట్టుకోకండి. నీళ్ళు మార్చి, తిండి పెట్టి పక్కనే కూర్చోండి. మీరు వేసుకున్న పాత టీషర్ట్ లోపల పడేస్తే నాలుక చాపి చాపి మీ వాసన అదే నేర్చుకుంటుంది. తర్వాత పొడవాటి పట్టకారుతో కీచురాళ్ళు, బొద్దింకలు, నత్తలు అందించండి, పురుగులకి కాల్షియం పొడి అద్ది. సవానాకి ఎలుకలు అలవాటు చేశారో కొవ్వు పట్టిపోతుంది. చేత్తో మాత్రం తినిపించకండి, వేలికీ తిండికీ తేడా మర్చిపోతుంది, ఈ పాఠం నేను రక్తం కార్చి నేర్చుకున్నా.

అది తనంతట తానే చేతి మీదికి ఎక్కేదాకా ఆగండి, నెలలు పట్టొచ్చు. ఎత్తేటప్పుడు పైనుంచి చెయ్యి దించకండి, గద్ద వచ్చిందనుకుంటుంది, పక్కనుంచి పొట్ట కింద చెయ్యి పెట్టి నాలుగు కాళ్ళకీ ఆసరా ఇవ్వండి. తోక పట్టి లాగొద్దు, బల్లి తోకలా కాదు, తెగితే మళ్ళీ రాదు. కరిచి పట్టుకుంటే చెయ్యి గుంజకండి, ఉడుంపట్టు అని ఊరికే అనలేదు, గుంజితే చీరుకుపోయేది మీ చర్మమే, కదలకుండా ఉంటే అదే వదులుతుంది, అప్పుడు సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కి చూపించండి. కరవకపోయినా ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బాక్టీరియా ఉండొచ్చు.