అప్‌డేట్ నొక్కే ముందు ఆ 48 అంకెలు ఎక్కడున్నాయో చూసుకోండి

పోయిన బుధవారం పొద్దున్నే బెంగళూరు మారతహళ్లిలో మా పక్క బిల్డింగ్ పీజీ కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచింది తెరిచినట్టే రెండు చేతులతో పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. మూస్తే ఇంకేమైనా అయిపోతుందని భయమట. కదిరి కుర్రాడు, ఫైనలియర్ ప్రాజెక్ట్ మొత్తం అందులోనే ఉంది.

"అన్నా, రాత్రి అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ కొట్టి పడుకున్నా. లేచేసరికి ఇది."

నీలం తెర. బిట్‌లాకర్ రికవరీ. బిట్‌లాకర్ అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం; దాన్ని తీసే కీ అడుగుతోంది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు, మొత్తం 48. వాడు తెర మీద కనబడుతున్న రికవరీ కీ ఐడీలోంచి అంకెలు మాత్రం ఏరి నాలుగుసార్లు కొట్టాడట. ఐడీ వేరు, కీ వేరు: ఐడీ ఏ కీ కావాలో చెబుతుంది, తాళం తీసేది కీ.

"నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఏది రా?"

"నాకట్లాంటిదేం లేదన్నా. ఎస్పీ రోడ్డులో కొన్నప్పుడు షాపు పిల్లోడే అంతా సెట్ చేసిచ్చినాడు."

సగం కథ నాకక్కడే అర్థమైంది. ఆఫీసులో సిస్టమ్స్ చూసుకునే పని నాది. ఇలాంటివి చాలా చూశాను. అందుకే ఛార్జర్ పెట్టండి, నెట్ చూసుకోండి అని ఇక్కడ చెప్పను. అవి మీకు తెలుసు. తాళం సంగతే చెబుతాను.

తాళం ఎవరు వేశారు

మీరు వేయలేదు, విండోసే వేసింది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, విండోస్ 11 కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, హోమ్ ఎడిషన్‌లో కూడా డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు తాళం పడుతుంది. మిమ్మల్ని అడగదు. రోజూ తలుపు తీసేది మదర్‌బోర్డులో తాళంచెవి దాచుకునే టీపీఎం చిప్. బూటయ్యే తీరు కాస్త మారినా, అంటే బయోస్ (విండోస్ కన్నా ముందు మెషీన్‌ను లేపే ప్రోగ్రామ్) అప్‌డేటో, అందులోని సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగో, ఒక్కోసారి మామూలు నెలవారీ ప్యాచో (చిన్న అప్‌డేట్) పడినా, ఆ చిప్ తలుపు తీయనంటుంది. అప్పుడడుగుతుంది 48 అంకెలు. 2024 జులై ప్యాచ్ తర్వాత, 2025 మేలో విండోస్ 10 ప్యాచ్ తర్వాత కొన్ని మెషీన్లలో ఇదే జరిగిందని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది.

ఆ అంకెలు లేకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తీయలేరు. ఫార్మాట్ కొడితే ల్యాప్‌టాప్ బతుకుతుంది, ఫైళ్లు పోతాయి.

కీ ఎవరి పేరు మీద ఉంది

మనవాళ్లు మునిగేది ఇక్కడే. మొదట ఎవరి అకౌంట్‌తో లాగిన్ అయితే కీ వాళ్ల అకౌంట్‌కి పోతుంది. షాపు పిల్లోడు తన మెయిల్‌తో చేస్తే వాడికి. కాలేజీ మెయిల్‌తో చేస్తే కాలేజీకి. చదువైపోయాక ఆ మెయిల్ తీసేస్తే కీ కూడా పోయినట్టే. సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఆ పాత కంపెనీ దగ్గరే ఉండిపోవచ్చు.

మా కదిరి కుర్రాడి షాపు పిల్లోడు ఉద్యోగం మానేశాడు. అటూ ఇటూ అడిగి ఫోన్ నంబరు పట్టుకున్నాం. పాపం మంచివాడే, కానీ ఏ మెయిల్‌తో చేశాడో వాడికే గుర్తులేదు.

ఇప్పుడు లాగిన్ అవుతోందా? అయితే ఇప్పుడే చూడండి. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, డివైజ్ ఎన్‌క్రిప్షన్. ఆన్‌లో ఉంటే ఫోన్‌లో aka.ms/myrecoverykey తెరిచి మీ అకౌంట్‌తో వెళ్లండి. మీ ల్యాప్‌టాప్ పేరు కనబడితే 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. కనబడకపోతే అది ఇంకొకరి దగ్గర ఉండొచ్చు. ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డిక్రిప్ట్ అయ్యేదాకా ఓపిక పట్టి, మీ సొంత అకౌంట్‌తో లాగిన్ అయి మళ్లీ ఆన్ చేయండి. నీలం తెర వచ్చాక ఇవేవీ కుదరవు.

అప్‌డేట్ ఎప్పుడు వేయాలి

ప్యాచ్‌లొచ్చేది నెలలో రెండో మంగళవారం, మనకు రాత్రి పూట. బుధవారం పొద్దున గొడవ అందుకే. ఒక వారం పాజ్ చేయండి, విండోస్ 11 ఐదు వారాల దాకా ఒప్పుకుంటుంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10 సపోర్ట్ ఆపేశారు; సరిగ్గా అదే రోజు వచ్చిన విండోస్ 11 ప్యాచ్‌తో రికవరీ మెనూలో యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ పనిచేయడం మానేశాయి. బాగుచేసే మెనూలోకి వెళ్తే చేతులు కట్టేసినట్టే. 20వ తేదీకి దానికి ఇంకో ప్యాచ్ ఇచ్చారు. వారం ఆగినవాళ్లకు ఆ బాధే లేదు. అలాగని నెలల తరబడి ఆపుకుని కూర్చోకండి, వైరస్‌లు ఆగవు.

పెద్ద వెర్షన్ మార్చాక వెనక్కి వెళ్లడానికి 10 రోజులే గడువు. ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్ జోలికి పోవద్దు.

ఇంటర్వ్యూ ముందు రోజు అప్‌డేట్ వద్దు.

బయోస్ అప్‌డేట్ ముందు బిట్‌లాకర్ సస్పెండ్ చేయండి, అంటే కాసేపు ఆపండి. ప్రో ఎడిషన్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోనే ఉంటుంది.

48 అంకెలు కాగితం మీద. డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్ ఫైల్‌లో కాదు! బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి మూసేవాళ్లను ఏమంటాం?

ఆ కాగితం ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టొద్దు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు.

వన్‌డ్రైవ్‌లో ఉందిలే అనుకోవద్దు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, నిండితే సింక్ ఆగిపోతుంది. ఫోన్‌లో తెరిచి ఫైల్ కనబడిందా లేదా చూడండి. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి కొందరి డాక్యుమెంట్లే తుడిచేసింది, మధ్యలో ఆపాల్సొచ్చింది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక కాపీ ఉంచండి.

డెస్క్‌టాప్ వాళ్లు యూపీఎస్ లేకుండా అప్‌డేట్ పెట్టొద్దు. కరెంటు పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లు చాలు.

'అన్‌లాక్ చేసిస్తాం, ఐదువేలు' అనే వాళ్లకు పైసా ఇవ్వొద్దు.

ఉన్న మెయిళ్లన్నిట్లో వెతకకుండా రీసెట్ నొక్కొద్దు. అమ్మానాన్నల మెయిళ్లు కూడా చూడండి.

కాగితం మీద కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు, ల్యాప్‌టాప్ పేరు తప్పక రాయండి. మా బీరువాలో రెండు కాగితాలున్నాయి. రెండింటి మీదా 'ల్యాప్‌టాప్' అనే ఉంది. రాసింది నేనే.