సైన్యం నుంచి విడుదలయ్యే ముందు జరిగే వైద్య పరీక్షకు ఎలా సిద్ధపడాలి

పదిహేనేళ్ళ సర్వీసు పూర్తి చేసి పెన్షన్‌తో ఇంటికి రాబోయే జవానుకు పరీక్షలు కొత్త కాదు. ఐదు కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, తొమ్మిది అడుగుల గుంత దూకడం వంటి అంశాలుండే యుద్ధ దారుఢ్య పరీక్ష బీపీఈటీని, దానితోపాటు సాధారణ దారుఢ్య పరీక్ష పీపీటీని అతడు ఏటా ఎదుర్కొంటూనే వచ్చాడు. విడుదలకు ముందు జరిగే రిలీజ్ మెడికల్ మాత్రం వాటిలాంటిది కాదు. ఇందులో నెగ్గడం, తప్పడం ఉండవు. సైన్యం మిమ్మల్ని పంపించే నాటికి మీ శరీరం ఏ స్థితిలో ఉందో ప్రభుత్వం తరఫున నమోదు చేయడమే దీని పని. ఆ తరువాత వైకల్యం గురించి మీరు ఏది అడిగినా అధికారులు ముందుగా తెరిచి చూసేది ఈ కాగితాన్నే.

మొదట మీ మెడికల్ కేటగిరీ ఏమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. మానసిక స్థితి, వినికిడి, కాళ్ళూ చేతులూ, శారీరక సామర్థ్యం, కంటిచూపు అనే ఐదు అంశాలనూ కలిపి సైన్యంలో షేప్ అంటారు. ఐదింటిలోనూ లోపం లేనివారు షేప్ వన్. వీరిని సాధారణంగా ఒక మెడికల్ ఆఫీసరు పరీక్షించి నివేదిక రాస్తారు. ఏదో ఒక అంశంలో కేటగిరీ తగ్గినవారికి, అంటే లో మెడికల్ కేటగిరీ (ఎల్ఎంసీ)లో ఉన్నవారికి, వైద్యాధికారులతో కూడిన రిలీజ్ మెడికల్ బోర్డు జరుగుతుంది. దాని ప్రొసీడింగ్స్‌ను, అంటే పరిశీలనలనూ నిర్ణయాలనూ, ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అనే ఫారంలో రాస్తారు.

అసలు చిక్కు షేప్ వన్‌లో ఉన్నవారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ప్రమోషన్ పోతుందని, కోర్సుకు పంపరని, సర్వీసు పొడిగింపు రాదని మోకాలి నొప్పినీ నడుం నొప్పినీ ఏళ్ళ తరబడి దాచుకోవడం, మెడికల్ స్టోరులో మాత్ర కొనుక్కుని సరిపెట్టుకోవడం మన జవాన్లకు బాగా అలవాటైన పని. సర్వీసులో ఉన్నంతకాలం ఆ అలవాటు పనికొచ్చినట్లే కనిపిస్తుంది. విడుదల సమయంలో మాత్రం, ఆసుపత్రి రికార్డులో ఎక్కడా లేని నొప్పిని సర్వీసు వల్ల వచ్చిందని నిరూపించడం దాదాపు అసాధ్యమవుతుంది. కాబట్టి డిశ్చార్జికి కనీసం ఏడాది ముందే సిక్ రిపోర్టు ద్వారా, అంటే ఒంట్లో బాగాలేదని యూనిట్‌లో నమోదు చేయించుకుని, యూనిట్ వైద్యాధికారి (ఆర్ఎంఓ) దగ్గరికి వెళ్ళి, అవసరమైతే మిలిటరీ ఆసుపత్రిలోని స్పెషలిస్టుకు చూపించుకుని, సమస్యను రాతపూర్వకంగా నమోదు చేయించుకోవాలి. చివరి నెలలో హడావుడిగా చెప్పే నొప్పిని ఏ డాక్టరైనా అనుమానంగానే చూస్తారు. అందులో వారి తప్పేమీ లేదు.

తరువాతి పని కాగితాలు. పాత మెడికల్ బోర్డుల ప్రొసీడింగ్స్, ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పులు, ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టులు, ఏయే సంవత్సరాల్లో ఏ ఫీల్డులో (సరిహద్దు వంటి కఠిన ప్రాంతంలో), ఏ పీస్ స్టేషన్‌లో (ప్రశాంత ప్రాంతపు స్థావరంలో) పనిచేశారో తెలిపే వివరాలు, వీటన్నిటి నకళ్ళనూ ఒక ఫైలులో పెట్టుకోవాలి. గాయమైన వారికి ఐఏఎఫ్‌వై-2006 అనే గాయం రిపోర్టు, జరిగి ఉంటే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైనిక విచారణ) కాగితాలు అత్యంత ముఖ్యం. యూనిట్ ఆదేశంతో ఆడిన ఆటలో కాలు విరగడం వేరు, సెలవులో ఊళ్ళో బండి మీద నుంచి పడటం వేరు. ఆ తేడాను నిర్ణయించేది ఆ రిపోర్టే. అది ఫైలులో లేదని తేలితే, యూనిట్ వదిలిన తరువాత దాన్ని తెప్పించుకోవడం ఎంత కష్టమో రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు రాసినవారికి తెలుసు.

పరీక్షల రోజుకు సంబంధించి చెప్పవలసింది కొంచెమే. రక్త పరీక్షకు ఖాళీ కడుపుతో వెళ్ళాలి. ఫైరింగ్ రేంజి నుంచి నేరుగా వినికిడి పరీక్షకు వెళ్ళకూడదు, ఎందుకంటే తుపాకుల మోత వల్ల తాత్కాలికంగా తగ్గిన వినికిడి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలను సొంత నిర్ణయంతో ఆపకుండా, వాటి పేర్లు డాక్టరుకు చెప్పాలి.

బోర్డు ఫారంలో మీరు స్వయంగా చెప్పే పర్సనల్ స్టేట్‌మెంట్ ఉంటుంది. క్లర్కు నింపి తెచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం చేయవద్దు. జబ్బు మొదట ఎప్పుడు, ఎక్కడ, ఏ డ్యూటీలో ఉండగా బయటపడిందో తేదీలతో రాయాలి. రక్తపోటు వంటి జబ్బుల విషయంలో అది ఫీల్డులో మొదలైందా, పీస్ స్టేషన్‌లో మొదలైందా అన్నది నిర్ణయాన్నే మార్చగలదు. గుండెపోటు కేసుల్లో అంతకు ముందు పద్నాలుగు రోజుల డ్యూటీ వివరాలను కూడా పరిశీలించే పద్ధతి ఉంది. అలాగని ఉన్నదాన్ని పెంచి చెప్పడం తెలివైన పని కాదు. మాజీ సైనికులను మళ్ళీ తీసుకునే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ (డీఎస్‌సీ)లో చేరాలనుకునేవారికి ఇప్పుడు రాయించుకునే తగ్గిన కేటగిరీయే అక్కడ అడ్డు తగులుతుంది.

బోర్డు ముఖ్యంగా రెండు ప్రశ్నలకు జవాబిస్తుంది. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, లేక సర్వీసుతో సంబంధం లేనిదా అన్నది మొదటిది. వైకల్యం ఎంత శాతం, ఎంతకాలం ఉంటుంది అన్నది రెండోది. సర్వీసుతో సంబంధం తేలాలి, శాతం కనీసం 20 ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా సాధారణంగా వైకల్యం తాలూకు అదనపు మొత్తం అందదు. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు అమలులోకి వచ్చి, పూర్తికాలం పనిచేసి రిటైరయ్యేవారికి వైకల్యం తాలూకు పాత మొత్తానికి బదులు ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అనే పద్ధతి వచ్చింది. అందువల్ల అంతకు ముందు రిటైరైన సీనియర్లు తమకు వచ్చిన శాతాన్నీ సొమ్మునూ చెబితే వినండి గానీ, దాన్ని మీ లెక్కకు ఆధారంగా తీసుకోకండి.

నాలుగేళ్ళకే బయటకు వచ్చే అగ్నివీరులకు పెన్షన్ లేదు గనుక ఈ కాగితాల విలువ ఇంకా ఎక్కువ. సర్వీసు వల్ల కలిగిన వైకల్యం 100, 75, 50 శాతంగా తేలినప్పుడు వరుసగా 44, 25, 15 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఒకేసారి ఇచ్చే ఏర్పాటు వారికి ఉంది.

బోర్డు ప్రొసీడింగ్స్ నకలు తప్పనిసరిగా అడిగి తీసుకోవాలి. క్లెయిమును తిరస్కరిస్తే మొదటి అప్పీలు, అదీ కుదరకపోతే రెండో అప్పీలు, ఆపైన సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. చేరేటప్పటి రికార్డులో జబ్బు ప్రస్తావన లేకపోతే జవాను ఆరోగ్యంగానే చేరినట్లు భావించాలని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత నియమాల కింద వేసిన అప్పీళ్ళలో ఈ తీర్పును విరివిగా ఉదహరిస్తారు. అప్పీళ్ళకు గడువు తిరస్కరణ లేఖ అందిన నాటి నుంచి నడుస్తుంది గనుక, ఆ లేఖ వచ్చిన కవరును పారేయకుండా తేదీతో సహా దాచి, అదే వారంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అప్పీలు రాయించుకోవడం మంచిది.