లూప్రోలైడ్ ఇంజెక్షన్ తర్వాత రాత్రి వేడి ఆవిర్లు: నాకు పనిచేసింది ఇదీ

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వేసే లూప్రోలైడ్ వల్ల టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) బాగా పడిపోతుంది. దాంతో ఛాతీ నుంచి మొహానికి ఒక్కసారిగా వేడి ఎగబాకి, బనియన్ తడిసిపోయి, ఆ వెంటనే చలి వేస్తుంది. రాత్రిళ్లు ఇదే జరిగితే నిద్ర ఉండదు.

సబ్జా నీళ్లు, విటమిన్ ఇ, ఏసీ 18కి దించడం, ఇవేవీ పనిచేయలేదు. ఏసీ మరీ తగ్గిస్తే చెమట ఆరగానే వణుకు, దుప్పటి కప్పుకుంటే మళ్లీ వేడి.

ముందు రెండు వారాలు ఆవిరి వచ్చిన టైము, అంతకు గంట ముందు తిన్నదీ తాగిందీ రాసిపెట్టాలి. నా విషయంలో కారణాలుగా తేలినవి రాత్రి కారం కూరలు, సాయంత్రం కాఫీ. అవి మానేసి, భోజనం ఏడున్నరకి జరిపి, ఏసీ 25, ఫ్యాన్, పలుచని నూలు దుప్పట్లు రెండు. కాస్త నయం, అంతే.

అసలు తేడా ఆ నోట్‌బుక్ చూశాక ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) రాసిన గాబాపెంటిన్‌తో (మామూలుగా ఫిట్స్‌కి, నరాల నొప్పికి వాడే మందు) వచ్చింది: పడుకునే ముందు 300 మి.గ్రా. దానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి, ఎందుకంటే ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అవి బలహీనంగా ఉంటే మోతాదు తగ్గిస్తారు. మొదట్లో మగత, తూలుడు ఉంటాయి. రాత్రి బాత్రూంకి లేచేటప్పుడు మంచం అంచున ఓ నిమిషం కూర్చోండి, ఈ మందుతో పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం నిజంగా ఉంది. హఠాత్తుగా ఆపకూడదు.

రాత్రివి బాగా తగ్గాయి, పగటివి పూర్తిగా పోలేదు. అందరికీ ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను. పగలే ఎక్కువైతే వెన్లాఫాక్సిన్ (డిప్రెషన్‌కి వాడే మందు) గానీ మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ (ఒక హార్మోన్ మందు) గానీ సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి. ఆవిర్లకు భయపడి ఇంజెక్షన్ మాత్రం వాయిదా వేయకండి.