ట్రక్కు డ్రైవింగ్ స్కూలు పూర్తయ్యాక మొదటి ఉద్యోగం వెతుక్కోవడం ఎలా?

అమెరికాలో సీడీఎల్ (వాణిజ్య వాహనాలు నడిపే లైసెన్సు) చేతికి వచ్చిన రోజున కష్టమంతా గట్టెక్కిందని చాలామంది అనుకుంటారు. కాని ఆ కార్డు ట్రక్కు నడపడానికి అనుమతి మాత్రమే. అనుభవం లేని డ్రైవరును పెట్టుకుంటే ఇన్సూరెన్సు ఖర్చు పెరుగుతుంది కాబట్టి, చిన్న సంస్థల్లో చాలావరకు ఒకటి రెండేళ్లు నడిపినవారినే అడుగుతాయి. కొత్తవారికి అవకాశం ఇచ్చేవి ఎక్కువగా సొంత శిక్షణ విభాగం ఉన్న పెద్ద సంస్థలే. వాటిలో ఒకదాన్ని ఎంచుకునేటప్పుడు మైలుకు ఎన్ని సెంట్లు ఇస్తారన్న దానికన్నా, ట్రెయినర్ పక్కన ఎన్ని వారాలు నేర్పిస్తారు, ఎలా నేర్పిస్తారు అన్నదానికే ఎక్కువ విలువ ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. మొదటి ఏడాది ప్రమాదాలూ టికెట్లూ లేకుండా గడిస్తే జీతం దానంతటదే పెరుగుతుంది. ఆ ఏడాది చెడితే మాత్రం ఎంత మంచి రేటు ఒప్పుకున్నా ఉపయోగం ఉండదు.

స్కూల్లో ఉండగానే దరఖాస్తులు మొదలుపెట్టండి. శిక్షణ ముగిశాక కొన్ని నెలలు ఖాళీగా ఉంటే, చాలా సంస్థలు మళ్లీ రిఫ్రెషర్ కోర్సు చేసి రమ్మంటాయి. అర్హతలు సరిపోతే తీసుకుంటామంటూ రిక్రూటర్లు ముందుగానే ఇచ్చే ప్రీ-హైర్ లెటర్లను నాలుగైదు సంపాదించి పెట్టుకోవడం మంచిదే, కాని అవి ఉద్యోగ నియామక పత్రాలు కావు. వైద్య పరీక్ష, డ్రగ్ టెస్టు, రోడ్ టెస్టు, పాత రికార్డుల పరిశీలన అన్నీ దాటిన తరువాతే ఉద్యోగం ఖాయమవుతుంది. 21 ఏళ్లు నిండనివారు సాధారణంగా రాష్ట్రం సరిహద్దు దాటి సరుకు తీసుకెళ్లడానికి వీలుండదు కాబట్టి, వారు తమ రాష్ట్రంలోనే తిరిగే పనులు వెతుక్కోవాలి. పరీక్షను ఆటోమేటిక్ గేరు ట్రక్కుతో ఇచ్చినవారి లైసెన్సుపై మాన్యువల్ గేరు ట్రక్కు నడపకూడదన్న పరిమితి నమోదవుతుంది. మాన్యువల్ ట్రక్కులు నడిపే సంస్థకు దరఖాస్తు చేసే ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

కాగితాల విషయంలో దాపరికం పనికిరాదు. దరఖాస్తులో గత 3 ఏళ్ల ఉద్యోగాల వివరాలూ, వాణిజ్య వాహనాలు నడిపి ఉంటే అంతకు ముందు 7 ఏళ్లవీ రాయాలని ఫెడరల్ నిబంధన చెబుతుంది. మధ్యలో ఉద్యోగం లేని నెలలుంటే కారణం రాయండి. ఖాళీ వల్ల దరఖాస్తు తిరస్కరించడం అరుదు, దాచినట్టు తేలితే మాత్రం తప్పకుండా తిరస్కరిస్తారు. మెడికల్ సర్టిఫికెట్ గరిష్ఠంగా 24 నెలలే చెల్లుతుంది, కాబట్టి గడువు తేదీ చూసుకోండి. డ్రైవర్ల డ్రగ్, మద్యం పరీక్షల ఉల్లంఘనలు నమోదయ్యే ఫెడరల్ వ్యవస్థ డ్రగ్ అండ్ ఆల్కహాల్ క్లియరింగ్‌హౌస్‌లో ముందే ఖాతా తెరిచి ఉంచితే, సంస్థ మీ రికార్డు చూడటానికి కోరే అనుమతిని అదే రోజు ఇవ్వగలుగుతారు. గంజాయిని అనుమతించిన రాష్ట్రంలో ఉంటున్నా ఫెడరల్ పరీక్షలో అది దొరికితే మినహాయింపు ఉండదు. పరీక్షకు నిరాకరించడాన్ని కూడా నియమాలను ఉల్లంఘించినట్టే నమోదు చేస్తారు.

రిక్రూటర్ పని మిమ్మల్ని చేర్పించడం. అతడు అబద్ధం చెబుతాడని కాదు, కాని ఫోన్లో విన్న మాటకు తరువాత ఆధారం ఉండదు. ఇంటికి ఎన్నాళ్లకొకసారి పంపిస్తారు, శిక్షణ కాలంలో రోజుకు ఎంత ఇస్తారు, లోడింగ్ దగ్గర గంటల తరబడి ఆగితే డిటెన్షన్ డబ్బు ఎప్పటి నుంచి లెక్కిస్తారు అన్నవి రాతపూర్వకంగా అడగండి. మీరు నడుపుతుండగా ట్రెయినర్ ముందు సీట్లో కూర్చుంటాడా, లేక మొదటి వారం నుంచే వెనక పడుకుని టీమ్ డ్రైవింగ్ (ఇద్దరూ వంతులవారీగా నడపడం) చేయిస్తాడా అన్న ప్రశ్న మరీ ముఖ్యం, ఎందుకంటే నిద్రపోతున్న మనిషి మీ తప్పును దిద్దలేడు. రేటు ఒక్కదాన్నే చూసి మోసపోకండి: మైలుకు 60 సెంట్ల చొప్పున వారానికి 1,800 మైళ్లు ఇస్తే వచ్చేది 1,080 డాలర్లు, 52 సెంట్ల చొప్పున 2,500 మైళ్లు ఇస్తే 1,300 డాలర్లు. అందుకే కొత్త డ్రైవర్లకు సగటున వారానికి ఎన్ని మైళ్లు దొరుకుతున్నాయో అడగండి.

సంస్థకు రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన యూఎస్ డాట్ నంబరుతో ఫెడరల్ ప్రభుత్వపు సేఫర్ వెబ్‌సైట్లో వెతికితే, గత 24 నెలల్లో జరిగిన తనిఖీలు, ప్రమాదాలు, తనిఖీలో ఆపేసిన ట్రక్కుల శాతం, దాని పక్కనే జాతీయ సగటు కనిపిస్తాయి. ఆపేసిన వాహనాల శాతం సగటుకన్నా బాగా ఎక్కువగా ఉన్న సంస్థలో చేరవద్దని చెబుతాను. అక్కడ బ్రేకులు, టైర్ల మరమ్మతు సరిగా జరగడం లేదన్నమాట.

డ్రైవింగ్ స్కూలు ఫీజు తామే కడతామనే సంస్థ ఒప్పందాన్ని చివరి పేజీ దాకా చదవండి: ఎన్ని నెలలు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, వాళ్లే తీసేస్తే ఆ బాకీ ఎవరిది అన్న మూడూ స్పష్టంగా ఉండాలి. చేరిన కొత్తలోనే ట్రక్కును లీజుకు తీసుకొని సొంతదారు కమ్మని ప్రోత్సహిస్తే వద్దనండి. లోడు దొరకని వారం కూడా లీజు వాయిదా ఆగదు, మరమ్మతు ఖర్చు చాలాసార్లు డ్రైవరు మీదే పడుతుంది.

ఓరియెంటేషన్‌లో పెట్టే రోడ్ టెస్టులో కొత్తవారు తడబడేది ఎక్కువగా ట్రక్కు కదలకముందే, అంటే ప్రీ-ట్రిప్ తనిఖీలో. చేత్తో తాకుతూ, ఏం చూస్తున్నారో పైకి చెబుతూ వెళ్లండి. ముందు టైర్ల గాడి లోతు కనీసం అంగుళంలో 4/32 వంతు, మిగిలినవాటికి 2/32 వంతు ఉండాలి. ట్రెయిలర్ తగిలించాక వంగి టార్చిలైటు వేసి చూడండి: ఫిఫ్త్ వీల్ (ట్రెయిలర్‌ను పట్టి ఉంచే ట్రక్కు వెనక పళ్లెం) దవడలు ట్రెయిలర్ కింది ఉక్కు కడ్డీ అయిన కింగ్‌పిన్‌ను చుట్టి మూసుకున్నాయా, ఫిఫ్త్ వీల్‌కూ ట్రెయిలర్ అడుగు పలకకూ మధ్య సందు కనిపించడం లేదు కదా? ఆ తరువాత ఎయిర్ బ్రేకులు: ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకులు వదిలి, పెడల్ నిమిషం పాటు తొక్కిపట్టినప్పుడు ట్రాక్టర్-ట్రెయిలర్‌కు పీడనం 4 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) మించి పడిపోకూడదు, పెడల్‌ను పదేపదే తొక్కుతూ గాలి తగ్గిస్తే 55 పీఎస్ఐకి పడిపోయేలోపే హెచ్చరిక మోగాలి. ఈ అంకెలను గేజి వైపు చూస్తూ తొణక్కుండా చెప్పగలిగిన మనిషిని పరీక్షకుడు వెంటనే గుర్తుపడతాడు.

ఒంటరిగా ట్రక్కు ఇచ్చిన తొలి నెలల్లో కొత్త డ్రైవర్లు ఎక్కువగా పొరపడేది హైవే మీద కాదు, వెనక్కి తీసేటప్పుడు. సందేహం వచ్చిన ప్రతిసారీ ట్రక్కు ఆపి, దిగి, చుట్టూ నడిచి చూడండి. పక్క ట్రక్కు అద్దం, పైనున్న చెట్టుకొమ్మ, డాక్ దగ్గరి పసుపురంగు స్తంభం క్యాబులో కూర్చుంటే కనిపించవు. వెనక ఆగిన డ్రైవరు హారన్ కొడితే కొట్టనివ్వండి. 10 గంటల విశ్రాంతి తరువాత 14 గంటల వ్యవధిలో 11 గంటలకు మించి నడపకూడదన్న నియమాన్ని దాటమని లోడ్లు కేటాయించే డిస్పాచర్ అడిగితే, ఫోన్లో వాదించకుండా మెసేజ్‌లోనే మర్యాదగా కుదరదని రాయండి, ఆ జవాబు మీ దగ్గర ఆధారంగా మిగులుతుంది.

ఏడాది నిండేలోగా ఒకసారి మీ పీఎస్పీ రికార్డు (నియామకానికి ముందు సంస్థలు చూసే ఫెడరల్ భద్రతా రికార్డు) తెప్పించుకోండి. అందులో గత 5 ఏళ్ల ప్రమాదాలు, 3 ఏళ్ల రోడ్డు తనిఖీలు ఉంటాయి, మిమ్మల్ని తీసుకోవాలనుకునే రెండో సంస్థ చూసేది కూడా దాన్నే. మీది కాని ప్రమాదమో, తప్పుగా నమోదైన తనిఖీయో కనిపిస్తే, డేటాక్యూస్ అనే ఫెడరల్ వ్యవస్థలో కాగితాలు జతచేసి సవరణ కోరవచ్చు; ఆ పని కొత్త దరఖాస్తు వేయడానికి ముందే పూర్తిచేయండి.