జిల్లా పత్రిక ఫొటోగ్రాఫర్ పని: కర్నూలులో కొత్తగా చేరేవారికి

జిల్లా పత్రికలో ఫొటోగ్రాఫర్‌గా చేరేవారు మొట్టమొదట అలవాటు చేసుకోవలసింది పేర్లు రాసుకోవడం. మహానగరంలో ఫొటో తీసిన మనిషి మళ్లీ ఎదురుపడకపోవచ్చు గానీ, కర్నూలు పాతబస్టాండు దగ్గర ఇవాళ మనం ఫొటో తీసిన కూరగాయల వ్యాపారి రేపు ఉదయం టీ కొట్టులో అదే పత్రిక చదువుతాడు, ఎల్లుండి మన బండి ఆపి అడుగుతాడు. అతని పేరు తప్పుగా పడినా, అతను అనని మాట ఫొటో కింద అచ్చయినా అతనితోపాటు ఆ వీధి మొత్తం మనల్ని నమ్మడం మానేస్తుంది. అందువల్ల చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఫొటో తీసిన వెంటనే ఇంటిపేరుతో సహా పేరు, ఊరు, మండలం రాసుకోవాలి. పాతనగరంలో ముస్లిం కుటుంబాల పేర్లను తెలుగులో ఎలా రాయాలో వాళ్లనే అడిగి, రాసినది చదివి వినిపించాలి. హుసేన్ అని రాయాలో హుస్సేన్ అని రాయాలో డెస్క్‌లో కూర్చున్నవారికి తెలియదు, అక్కడ ఉన్న మనకే తెలియాలి.

రోజు మొదలయ్యేది ముందురోజు రాత్రి బ్యూరో ఇచ్చిన కార్యక్రమాల జాబితాతో. అందులో సన్మానాలు, ప్రెస్ మీట్లు, ప్రారంభోత్సవాలు ఎక్కువగా ఉంటాయి. వాటి గురించి చెప్పవలసింది తక్కువే: కార్యక్రమం మొదలయ్యే ముందే చేరుకోవాలి, వేదిక మీద కూర్చున్నవారి పేర్లను ఎడమ నుంచి వరుసగా రాసుకోవాలి, అవసరమైన ఫొటో దొరకగానే బయటపడాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు మాత్రం తీరిక చేసుకుని వెళ్లాలి. సునయన ఆడిటోరియం లోపల అర్జీ అందుకుంటున్న అధికారి ఫొటో ప్రతి వారం ఒకేలా ఉంటుంది. బయట చెట్టు నీడలో అర్జీ రాయించుకుంటున్నవారు, పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టి తెచ్చుకున్న ముసలివారు, మూడు చక్రాల బండి మీద వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయినవారు ఆ రోజు అసలు కథ. వారితో పది నిమిషాలు మాట్లాడి, సమస్య విని, ఆ తరువాత కెమెరా బయటకు తీయాలి. కెమెరా ముందుగా కనిపిస్తే మనిషి బిగుసుకుపోతాడు. లేదా ఫొటో పడితే పని జరుగుతుందన్న ఆశ పెట్టుకుంటాడు, ఆ ఆశను కల్పించే హక్కు మనకు లేదు.

మార్కెట్ యార్డు విషయంలో కొంత వివరంగా చెప్పాలి. కర్నూలు యార్డుకు ఉల్లి, పత్తికొండకు టమాటా, ఆదోనికి పత్తి పెద్దఎత్తున వస్తాయి. ధర పడిపోయినప్పుడు రైతు ఉల్లిని యార్డులోనే వదిలేసి వెళ్లడం, టమాటాను రోడ్డు పక్కన పారబోయడం ఈ జిల్లాలో పదేపదే జరుగుతున్నదే. అక్కడికి మనం చేరేసరికి పారబోయడం అయిపోయి ఉంటే, మరొక గంప పారబోయమని ఏ పరిస్థితిలోనూ అడగకూడదు. రైతు తనంతట తానే ముందుకు వచ్చినా వద్దనాలి. అతని నష్టం నిజమే అయినా, మన కోసం చేసిన క్షణం నిజం కాదు. అది బయటపడిన రోజున నిజమైన నష్టాన్ని కూడా ఎవరూ నమ్మరు. పారబోసిన కుప్ప ఉంది, ఖాళీ ట్రాలీ ఉంది, చేతిలో తక్‌పట్టీ ఉంది. ఆ చీటీ మీద అమ్మిన ధర, హమాలీ, కమీషన్ రాసి ఉంటాయి. రైతు అనుమతితో ఆ చీటీని దగ్గరగా తీసిన ఫొటో వందల మాటలు చెప్పలేని లెక్కను ఒక్కచోట చూపిస్తుంది. అయితే అచ్చుకు పంపేముందు చీటీ మీది ఫోన్ నంబరు కనబడకుండా కత్తిరించాలి.

ఆదోని యార్డులో పత్తి నూగు, ఉల్లి యార్డులో పొట్టు, ఎండాకాలంలో ఎక్కడ చూసినా దుమ్ము ఉంటాయి కాబట్టి ఆరుబయట లెన్స్ మార్చే పని పెట్టుకోకూడదు. రెండు కెమెరాలుంటే ఒకదానికి 24-70 మి.మీ. లెన్స్, మరొకదానికి దూరపు దృశ్యాలకు 70-200 మి.మీ. లెన్స్ తగిలించుకుని బయలుదేరాలి. ఒకటే ఉంటే ఆ రోజు పనికి ఏది కావాలో ఆఫీసులోనే తేల్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో బండి పెట్టెలో కెమెరా వదిలేయరాదు. మిట్టమధ్యాహ్నం తలపాగా కింద ముఖం నల్లగా పడుతుంది గనుక నీడలోకి రమ్మని అడగడం, వీలుకాకపోతే పగలే ఫ్లాష్‌ను తక్కువ శక్తితో వాడడం మంచిది. ట్యూబులైట్లు, నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు ఉన్న హాళ్లలో షట్టర్ వేగం సెకనులో 100వ వంతుగానో, 50వ వంతుగానో ఉంచాలి. మన విద్యుత్ 50 హెర్ట్జ్ కావడంతో ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, అంతకంటే వేగంగా తీస్తే ఫొటో మీద చారలు పడతాయి. మరొక విషయం అచ్చుకు సంబంధించింది. పత్రిక కాగితం సిరాను పీల్చుకుని చుక్కలను వ్యాపింపజేస్తుంది కాబట్టి తెర మీద సరిగా కనిపించిన ముఖం పొద్దున పేపర్లో ఒక మెట్టు నల్లబడుతుంది. చీకటి, వెలుగుల మధ్య ఉండే ఛాయలను కొద్దిగా పెంచి పంపాలి. మన ఫొటో అచ్చయిన పేపరును ప్రతి ఉదయం అసలు ఫైలుతో పోల్చి చూసుకుంటే ఎంత పెంచాలో కొద్ది వారాలలోనే చేతికి తెలుస్తుంది.

జాబితాలో లేని ఫొటోల కోసం ఏడాది పొడవునా జిల్లా ఎలా నడుస్తుందో గుర్తుంచుకోవాలి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ప్రాంతాల చేలలో వజ్రాల వేట మొదలవుతుంది. పొరుగు జిల్లాల నుంచి కూడా కుటుంబాలతో వచ్చి, నేల మీద కళ్లు పెట్టి పొద్దస్తమానం నడుస్తారు. వెతుకులాటను ధారాళంగా తీయవచ్చు గానీ, రాయి దొరికినవారి ముఖాన్ని వారు కోరితే తప్ప ప్రచురణకు ఇవ్వకూడదు, ఎందుకంటే వ్యాపారుల నుంచి, ఇరుగుపొరుగు నుంచి వచ్చే ఒత్తిడి ఆ కుటుంబం మీదనే పడుతుంది. విత్తనం వేసిన చేను తొక్కుతున్నారని బాధపడే రైతును కూడా అదే కథలో చూపించాలి.

ఖరీఫ్ పనులు తగ్గాక కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు గ్రామాల నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి పనులకు, వలస సాగుతుంది. గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు, తెలంగాణ పత్తి చేలకు పిల్లాపాపలతో వెళ్లిపోతారు. తాళాలు పడిన ఇళ్ల వరుస, వాకిట్లో ఒంటరిగా మిగిలిన అవ్వ ఏటా వచ్చే ఫొటోలే అయినప్పటికీ వాటిని మానకూడదు, ఎందుకంటే ఆ వలస మానలేదు. ఈసారి మరింత లోతుకు వెళ్లదలిస్తే తెల్లవారకముందే ఊరికి చేరి, బియ్యం మూటలు, వంటపాత్రలు, బడి సంచి ఒకే వాహనంలోకి ఎక్కడాన్ని చూడాలి. బడిలో ఖాళీ అయిన బెంచీలను ఉపాధ్యాయుల అనుమతితో తీయాలి. ఇక్కడ తొందర పనికిరాదు. ముందురోజు వెళ్లి మాట్లాడి రావడం, వాహనం ఎప్పుడు బయలుదేరుతుందో తెలుసుకోవడం, ఆ తరువాతే ఫొటో.

ఉత్సవాలలో మంత్రాలయం ఆరాధన సులువైనది. ఉత్తరారాధన నాటి మహారథోత్సవానికి మఠం వీధిలో ఎత్తైన చోటును ముందుగా అడిగి పెట్టుకుంటే సరిపోతుంది. విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో జరిగే బన్ని ఉత్సవం దానికి పూర్తిగా భిన్నమైనది. మాళమల్లేశ్వరుని కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులను కాపాడుకునే నెరణికి, నెరణికి తండా, కొత్తపేట భక్తులకూ, ఎదురుగా వచ్చే ఇతర గ్రామాలవారికీ మధ్య ఇనుప వలయాలు తొడిగిన కర్రలతో పోరు సాగుతుంది, ఏటా పలువురి తలలు పగులుతాయి. పగటిపూటే చేరుకుని దారి చూసుకోవాలి, వైద్య శిబిరం ఎక్కడుందో తెలుసుకోవాలి. వీపు వెనుక బండరాయో గోడో ఉన్న ఎత్తైన చోట నిలబడాలి. గుంపు మధ్యకు దిగిన ఫొటోగ్రాఫర్‌కు దొరికేది నాలుగు మసక చిత్రాలు, దెబ్బలు మాత్రమే. ఫ్లాష్ వాడకూడదు. దివిటీ పట్టుకున్న మనిషి కళ్లు చెదిరితే పక్కవారికి నిప్పంటుకుంటుంది. దివిటీల వెలుగే చాలు: లెన్స్ 2.8 వరకు తెరిచి, ఐఎస్‌ఓ 6400 దాకా (కెమెరా వెలుగును పట్టే శక్తిని) పెంచి, షట్టర్‌ను సెకనులో 125వ వంతు దగ్గర ఉంచితే ఫొటోలో గింజల్లాంటి చుక్కలు కనిపించినా బొమ్మ నిలుస్తుంది. రక్తం కారుతున్న తలను దగ్గరగా చూపి మురిసిపోయే ఫొటో కంటే, తెల్లవారాక కట్టుతో కూర్చున్న యువకుడి పక్కన అతని తల్లి ఉన్న ఫొటోకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

తుంగభద్ర, హంద్రీ కలిసే ఊరు కాబట్టి నది ఫొటోలకు ఒక క్రమం పెట్టుకోవాలి. ఒకే వంతెన మీద ఒకే స్తంభం పక్కన నిలబడి, ఒకే లెన్స్‌తో వేసవిలోనూ వరదలోనూ తీస్తూ ఉండాలి. 2009 అక్టోబరు 2న నగరం మునిగినప్పుడు నీరు ఎక్కడిదాకా వచ్చిందో పాత ఫొటోలలోని గోడలు, బోర్డుల ఆధారంగానే కొత్తవారికి చూపగలుగుతున్నాం. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి నీరు వదులుతున్నారన్న వార్త వచ్చిన ప్రతిసారి పాఠకుడు అడిగేది కూడా అదే: అప్పటితో పోలిస్తే ఇప్పుడు ఎంత? ఆ ప్రశ్నకు జవాబు మన పాత ఫైళ్లలో ఉండాలి.

44వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగినప్పుడు, సర్వజన వైద్యశాల మార్చురీ దగ్గర బంధువులు ఏడుస్తున్నప్పుడు దూరం పాటించాలి. మృతదేహాల ముఖాలు తీయకూడదు. కుటుంబానికి కబురు అందకముందే వాహనం నంబరు కనిపించే ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. చట్టాన్ని కూడా కచ్చితంగా తెలుసుకోవాలి. లైంగిక నేరానికి గురైన పిల్లల గుర్తింపు వెల్లడించడాన్ని 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్, అత్యాచార బాధితుల గుర్తింపు వెల్లడించడాన్ని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ నిషేధిస్తున్నాయి. ముఖాన్ని మసకచేస్తే సరిపోదు. ఇంటి గుమ్మం, వీధి, బడి దుస్తులు, తండ్రి ముఖం కూడా చిన్న ఊరిలో చిరునామా చెప్పేస్తాయి. అటువంటి కేసుల్లో పోలీస్ స్టేషన్ బోర్డు ఫొటోతో సరిపెట్టుకోవడమే సరైన పని.

సాయంత్రం ఆఫీసుకు చేరాక ముందుగా జిల్లా పేజీల ఫొటోలు పంపాలి, వాటి గడువు మెయిన్ ఎడిషన్ కంటే ముందే ముగుస్తుంది. ఒక్కో వార్తకు మూడు ఫొటోలు చాలు: అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, దగ్గరగా ఒకటి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటో వివరణలో కంటికి కనిపించేదానిని మళ్లీ చెప్పనవసరం లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవి రాసి, పేర్లను నోటుపుస్తకంతో మరొకసారి సరిచూడాలి. ఆ వివరణను ఫైలు లోపలే, ఫొటో వివరాలు దాచే ఐపీటీసీ గడిలో కూడా రాసి పెట్టాలి. అలా చేస్తే ఏళ్ల తరువాత పేరుతోగానీ ఊరుతోగానీ వెతికినా ఫొటో దొరుకుతుంది. తేదీ, ఊరు, విషయం ఫోల్డర్ పేరులో ఉంచి, రెండు వేర్వేరు హార్డ్‌డిస్కులలో దాచి, వాటిలో ఒకదానిని ఇంట్లో పెట్టుకోవాలి. రెండోదానిలో ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే కెమెరా కార్డును చెరపాలి.